అర్జీ రాయడం కూడా ఒక చదువే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

“ఇంజనీరుగా నీ అనుభవాలు చెప్పు” అన్నారు మన కార్యదర్శి గారు. నీటి సరఫరా విభాగంలో మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్నాను. పైపులు, పంపులు, వాల్వుల గురించి మొదలుపెడితే భోజనాలకు ముందే మీకు కునుకు పడుతుంది. అందుకే ఇన్నేళ్లలో నా బల్ల మీదికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన వస్తువు గురించి చెబుతాను. అది అర్జీ.

మనందరం మొదటి అర్జీ ఈ బడిలోనే రాశాం. సెలవు చీటీ. తెలుగు పంతులు గారు బోర్డు మీద రాస్తే చూసి రాసుకున్నాం. ఎవరికి రాస్తున్నామో పైన ఉండాలి. కారణం ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉండాలి. కింద మన సంతకం, పక్కన నాన్న సంతకం. ఇందులో ఒక్కటి తక్కువైనా చీటీ వెనక్కి వచ్చేది. పెద్దయ్యాక మనం ప్రభుత్వానికి రాసే అర్జీల్లో చాలావాటికి ఈ నాలుగూ ఉండవు. “మా వాడలో నీటి సమస్య తీవ్రంగా ఉంది, దయతో పరిష్కరించగలరు” అని ఉంటుంది. ఏ వాడ, ఎన్ని ఇళ్లు, ఎప్పటి నుంచి, ఏం చేయాలి అన్నది ఉండదు.

అర్జీ అంటే చేతులు కట్టుకుని నిలబడడం అని మనలో చాలామందికి ఒక భావం ఉంది. మన పాత మాటల్లో ‘మహజరు’ అని ఒకటుంది. నలుగురు కలిసి సంతకాలు చేసి పంపే పత్రం. అందులో వంగిన నడుము ఉండదు. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. ఈస్టిండియా కంపెనీ చార్టరు 1853లో మళ్లీ పార్లమెంటు ముందుకు రానున్న సమయం అది. అదను చూసి ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకే మహజరు పంపింది. శిస్తు భారం, కోర్టుల్లో జాప్యం, రోడ్లు, నీటి పనుల కొరత, చదువుల లేమి అన్నీ అందులో ఉన్నాయి. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్న సంగతి అక్కడ ఎవరూ నమ్మలేదు. ఒక పార్లమెంటు సభ్యుడు ఇక్కడికి వస్తే చెట్టిగారు ఆయన్ని జిల్లాల్లో తిప్పి, బాధితుల్ని కళ్లారా చూపించారు. చివరికి 1854లో చిత్రహింసల మీద ప్రభుత్వమే విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. హింస నిజమేనని 1855లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. ఓటు హక్కు లేని కాలంలో ఒక కాగితం, దాని వెనక నిలబడ్డ మనుషులు సాధించిన పని అది.

ఇక మన నల్లగొండ సంగతి. ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మన పక్క ఊళ్ల బోర్లలో అంతకు కొన్ని రెట్లు ఉండేది. పళ్లు గారకట్టడం దాని మొదటి గుర్తు. తర్వాత ఎముకలు వంగిపోతాయి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970లలో తయారుచేసింది. దానికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి అలా ఎక్కింది. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉన్నా, ఎగువ ఊళ్లకు ఆ నీళ్లు అందలేదు.

ఎన్ని వినతులిచ్చినా కదలిక లేకపోయేసరికి, 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి ఒక కొత్త రకం అర్జీ పెట్టింది. ఊరూరి నుంచి మనుషులు వచ్చి నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా ఇదేమిటని అడిగితే జవాబు ఒక్కటే: మంచినీళ్లు. ఆ తర్వాత ప్రభుత్వం అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచింది. డిపాజిట్ వెంటనే పెరిగింది, నీళ్లు మాత్రం మెల్లగా వచ్చాయి. కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా ఒక తరం పిల్లల ఎముకలు వంగిపోయాయి. అందుకే అర్జీ పెట్టగానే అన్నీ జరిగిపోతాయని నేను చెప్పను. అర్జీకి ఓపిక కావాలి. ఆలస్యానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారన్న ఎరుక కూడా కావాలి.

“మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు” అన్న జవాబు మీరంతా వినే ఉంటారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు వాళ్లకూ అదే జవాబు వచ్చింది. వాళ్ల వీధిలో మురుగు కాలువలు లేవు, మరుగుదొడ్లు లేవు, పైగా ఆల్కహాల్ ఫ్యాక్టరీ మురికినీరు వీధిలోకే వచ్చేది. వాళ్లు పెద్ద కోర్టులకు పరుగెత్తలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద స్థానిక మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేశారు. కాలువల ప్రణాళిక తయారుచేయమని మేజిస్ట్రేటు ఆదేశిస్తే, నిధుల్లేవంటూ మున్సిపాలిటీయే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ప్రజారోగ్యం కాపాడడం మున్సిపాలిటీ బాధ్యత అనీ, డబ్బుల్లేవని ఆ బాధ్యత నుంచి తప్పుకోవడం కుదరదనీ దాని సారాంశం. గడువు పెట్టి మరీ పని చేయమన్నారు. ఆ 133వ సెక్షనే 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 152వ సెక్షన్‌గా ఉంది. ఇప్పటికీ మన ఆర్డీవో కార్యాలయంలో దాన్ని వాడుకోవచ్చు.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెబుతాను. మీరు సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇచ్చిన కాగితానికి ఒక నంబరు పడుతుంది. “తగు చర్య నిమిత్తం” అని రాసి జిల్లా అధికారికి పంపుతారు. ఆయన అదే మాట రాసి డీఈకి, డీఈ ఏఈకి పంపుతారు. చివరికి అది ఒక కుర్ర ఏఈ దగ్గర ఆగుతుంది. అతని చేతిలో నాలుగు మండలాలు, ఒక పాత జీపు ఉంటాయి. కాగితంలో వివరం లేకపోతే అతను “పరిశీలనలో ఉంది” అని రాసి పంపేస్తాడు. అది అబద్ధం కాదు. పరిశీలించడానికి అందులో ఏమీ లేదు కాబట్టి అలా పరిశీలనలోనే ఉండిపోతుంది.

నేను ఏఈగా ఉన్నప్పుడు ఒక ఊరి మహిళా సంఘం ఇచ్చిన అర్జీ ఇప్పటికీ గుర్తుంది. నోటుపుస్తకం కాగితం మీద ఊరి పటం గీశారు. ఒక్కో నల్లా దగ్గర నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఎన్ని బిందెలు నిండుతాయి అని పదిహేను రోజులు లెక్క రాశారు. ట్యాంకు దగ్గరి నల్లాలో నలభై బిందెలు నిండితే, ఊరి చివర మిట్ట మీది కాలనీలో మూడు. నీళ్లు చాలకపోవడం సమస్య కాదని, పంపకంలోనే తేడా ఉందని ఆ పటం చూడగానే తెలిసిపోయింది. మిట్ట కాలనీకి విడిగా ఒక లైను, ఒక వాల్వు పెడితే చాలు. వాళ్ల లెక్కనే ఎస్టిమేటుకు జతచేసి పంపాను. పైఅధికారులు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మంజూరు చేశారు. ఆ అర్జీలో ‘దయతో’ అన్న మాట లేదు, ఆరోపణా లేదు. పని చేయాలనుకునే ఉద్యోగికి అలాంటి కాగితం ఆయుధం. పని చేయకూడదనుకునే ఉద్యోగి దాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేడు.

ఇదంతా ఈ రోజు ఇక్కడ చెప్పడానికి కారణం మన బడి వెనక చెరువు. గత రెండు వానాకాలాలూ ఆరో తరగతి గదుల్లోకి మోకాలు లోతు నీళ్లు వచ్చాయని హెడ్‌మాస్టర్ గారు చెప్పారు. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ సగం దాకా ఇళ్ల కూల్చివేత మట్టితో పూడిపోయింది. వాన నీటికి దారి లేక అది బడి వైపు మళ్లుతోంది. పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు ఒక్కటీ కనిపించలేదు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. మన చెరువుకు ఆ గీత ఎక్కడుందో ముందు తెలియాలి.

ఎవరు మట్టి పోశారు అని నన్ను అడగకండి. పేర్లతో మొదలుపెడితే అది తగాదా అవుతుంది, కొలతలతో మొదలుపెడితే పని అవుతుంది. మొదట సమాచార హక్కు చట్టం, 2005 కింద చెరువు ఎఫ్‌టీఎల్ పటం, గ్రామ నక్ష, కాలువ సర్వే నంబర్లు అడుగుదాం. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. రెండోది, వచ్చే వానల్లో నీళ్లు ఏ దారిన, ఎంత ఎత్తున వస్తున్నాయో బడి గోడ మీద స్కేలు గీసి పిల్లలే రాయాలి. వాళ్లకు అంతకు మించిన సైన్సు ప్రాక్టికల్ ఉండదు. మూడోది, ఈ రెండూ చేతికొచ్చాక మున్సిపల్ కమిషనర్‌కు, నీటిపారుదల శాఖకు, ఆర్డీవోకు ఒకే అర్జీ. నాలుగోది, ప్రతి సోమవారం వెళ్లి ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో కనుక్కునే మనిషి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మిత్రులకు ఒక మాట. సంతకాలు మేమూ పెడతాం అని మీరు అంటారు. పెట్టండి. కానీ మొదటి వరసలో ఉండాల్సిన సంతకాలు ఈ ఊళ్లో ఉండేవాళ్లవి, ఈ బడిలో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులవి. రేపు ఎవరైనా వచ్చి “నీకెందుకీ గొడవ” అని అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. మీరు, నేను సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాం. సర్వేకు అయ్యే ఖర్చు, లాయరు సలహా, ఫోన్లు, వాళ్ల మీద ఒత్తిడి వస్తే అండగా నిలబడడం మన వంతు. వాళ్లను అడగకుండా మనం ఊరి తరఫున మాట్లాడకూడదు. అందుకే వచ్చే ఆదివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టమని హెడ్‌మాస్టర్ గారిని కోరాను. వాళ్లు సరేనంటేనే ముందుకు వెళదాం.

స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి ఒక కమాను కట్టిద్దామని సంఘంలో ప్రతిపాదన ఉంది. మంచిదే, కట్టిద్దాం. అయితే ఆ కమాను కింది నుంచి లోపలికి వెళ్లే ఆరో తరగతి పిల్ల పుస్తకాల సంచీ తడవకుండా కూర్చోగలగాలి. భోజనాల షెడ్డు దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. అందులో నేను చెప్పిన నాలుగు పనులకు నాలుగు పేజీలున్నాయి. సమాచార హక్కు దరఖాస్తు పేజీలో నా పేరు రాశాను. సోమవారాల పేజీ ఖాళీగా ఉంది. ఊళ్లోనే ఉంటూ రిటైరైన మన మాస్టార్లలో ఒకరు ఆ పేజీ తీసుకుంటే, ఏ ఆఫీసూ ఆయన్ని కూర్చోబెట్టకుండా పంపదు. అక్కడున్న ఉద్యోగుల్లో సగం మంది ఆయన శిష్యులే కదా.