బేడకాసు – నాణ్యపరీక్ష



మా సోమందేపల్లె పెనుకొండకును హిందూపురమునకును నడుమ నున్నది. వాన తక్కువ, రాయి యెక్కువ. ఇట్టి సీమలో వెండి యనగా అలంకారము మాత్రమే కాదు. కరవునాటికి దాచుకొన్న గింజ వంటిది. పంట పండిన యేట రైతు కడియము చేయించును. పండని యేట దానినే కంసాలి త్రాసులో పెట్టును. కనుకనే మా యిండ్లలో పాత వెండినాణెములు నిలుచుట యరుదు. నిలిచిన వానిలో మిక్కిలి చిన్నది బేడ. దానిని గూర్చియు, దాని నాణ్యమును నిర్ణయించు విధమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

బేడ యనగా రెండణాలు. రూపాయిలో ఎనిమిదవ పాలు. ఈ యెనిమిదవ పాలు మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వెండి పణమును చెప్పుచు, దానితోపాటు అర్ధపణమును, పాదమును, అష్టభాగమును గూడ చెప్పినాడు. 1443వ సంవత్సరమున విజయనగరమునకు వచ్చిన పారశీక దూత అబ్దుర్ రజాకు అచ్చట ‘తార’ యను చిన్న వెండినాణెము చెల్లుచుండెనని వ్రాసినాడు. అమెరికాలో డాలరునకు పదవ పాలైన డైము అను నాణెమున్నది. 1964 వరకు అందులో నూటికి తొంబది పాళ్లు వెండియే. పెద్ద నాణెము ధనికుని పెట్టెలో నిద్రించును. చిన్న నాణెము బీదవాని చేతులలో తిరుగును. అందుచేతనే చిన్నది ముందుగా అరిగిపోవును.

మన వెండిబేడ 1841లో కంపెనీ కాలమున విక్టోరియా రాణి ముఖముతో పుట్టినది. 1877 మొదలు ఆమెకు చక్రవర్తిని బిరుదము చేరినది. 1903 నుండి 1910 వరకు ఏడవ ఎడ్వర్డు, 1911 నుండి 1917 వరకు అయిదవ జార్జి దానిపై కనబడుదురు. మొదటి మహాయుద్ధమున వెండికి కొరత యేర్పడగా, 1918లో రాగియు నికెలును కలిపిన నలుచదరపు బేడ వచ్చినది. 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశపద్ధతి రాగా బేడ పండ్రెండు నయాపైసలైనది.

ఇక తూనిక. రూపాయి 180 గ్రెయిన్లు, అదియే తులము. బేడ ఇరువదిరెండున్నర గ్రెయిన్లు, అనగా ఒకటిన్నర గ్రాములకు కొంచెము తక్కువ. రెంటను పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. తులమునకు 96 గురిగింజలను పాతలెక్కను బట్టి బేడకు పండ్రెండు గురిగింజలు. అరుగని బేడలు ఎనిమిది చేర్చినచో అరుగని రూపాయితో సరితూగవలెను. తూగలేదా, అది అరుగుదలయైనను కావలెను, దొంగనాణెమైనను కావలెను. అయస్కాంతమునకు అంటుకొన్నది వెండి కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

నాణెము, నాణ్యము – ఈ రెండు మాటలు ఒక్క కుదురులోనివే. నాణెములను పరీక్షించువానిని గూర్చి యాజ్ఞవల్క్యస్మృతిలో ఒక ధర్మమున్నది. దొంగనాణెమును మంచిదన్నవానికే కాదు, మంచినాణెమును దొంగదన్నవానికిని అదే ఉత్తమసాహసదండము విధింపబడినది. ముప్పదియేండ్లకు పైగా పిల్లల జవాబు పత్రములు దిద్దిన నాకు ఈ ధర్మము మిక్కిలి ఇష్టమైనది. ఎక్కువ వేయుటయు తప్పే, తక్కువ వేయుటయు తప్పే.

బేడకు మార్కులు వేయు విధ మిది. నాణెమును అంచున మాత్రమే పట్టుకొనవలెను. వ్రేళ్ల చెమట ముఖమునకు తగులరాదు. ప్రొద్దుటి యెండలో ఏటవాలుగా త్రిప్పుచు భూతద్దముతో చూడవలెను. ఉబ్బుగా నున్న భాగము ముందు అరుగును. రాణి బొమ్మపై చెవిమీది వెండ్రుకలు, చెక్కిలి, కిరీటపు కొనలు ముందు చూడదగినవి. టంకశాలనుండి నేడే వచ్చినట్లు పుట్టుమెరుపుతో నున్నది ఉత్తమోత్తమము. వెండ్రుకల గీతలు కొంచెము మాత్రమే మాసినది ఉత్తమము. గీతలు కలిసిపోయి ముఖమును అక్షరములును స్పష్టముగా నున్నది మధ్యమము. ముఖము నీడవలె మిగిలి సంవత్సరము చదువవచ్చునది సామాన్యము. సంవత్సరము కూడ తెలియనిది అధమము. దండలో గ్రుచ్చుటకై తొలిచిన రంధ్రమున్నను, అంచు కత్తిరింపబడినను, తోమబడినను ఆ దోషమును వేరుగ వ్రాయవలెను, దాచరాదు.

తోముట యంటిని. ఇందు నా తప్పొకటి చెప్పక తీరదు. నాకు ఇరువదియైదేండ్ల వయస్సున మా అవ్వ ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టినది. విప్పగా పదునొకండు బేడలు, కాటుకవలె నల్లనివి. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టుదమని చింతపండును బూడిదయు తెచ్చి కూర్చుంటిని. పదింటిని తెల్లగా మెరయునట్లు తోమితిని. ఒకటి పెట్టె అడుగు కాగితము క్రిందికి జారి నాకు కనబడలేదు. అవ్వ చూచి, “నల్లగా ఉంటే చెల్లవా ఏం నాయనా?” అన్నది. నేను నవ్వితిని.

చాల యేండ్లకు, అవ్వ పోయిన తరువాత, ఆ పెట్టె ఖాళీ చేయగా పదునొకండవ బేడ దొరకినది. అన్నింటిని తీసికొని బెంగుళూరులో నాణెములు తెలిసిన యొక పెద్దమనిషికి చూపితిని. ఆయన పది బేడలను ఒక్కమారు చూచి ప్రక్కకు నెట్టి, “ఇవి వెండి తూకమునకే, మాస్టరుగారూ” అన్నాడు. నల్లగా నున్న పదునొకండవదానిని మాత్రము గుడ్డపై నుంచి భూతద్దము తీసెను, చాలసేపు చూచెను. అందు రాణి వెండ్రుకలు ఒక్కొక్కటిగా తెలియుచుండెను. గాలిలోని గంధకము వెండిపై వేసిన ఆ నలుపుపొర నాణెమునకు మురికి కాదు, వయస్సు. దానిని ఊడదీయుటలో పదింటి ముఖములను నా బొటనవ్రేలితో నేనే అరగదీసితిని. పోయినది డబ్బే యైన విచారింపను. అవ్వ దాచినది దాచినట్లు చూచు భాగ్యము పోయినది. ఆమె యడిగిన మాటకు జవాబు నాకు అప్పుడు తెలిసినది; చెప్పుటకు ఆమె లేదు.

ఇక మీకొక హెచ్చరిక. పాతనాణెమునకు లక్షలిత్తుమని ఫోనులో పలుకువారు కలరు. ముందుగా రుసుము, పన్ను, కమీషను పంపుమందురు. తమ పేరు చెప్పి ఇట్లు సొమ్ము లాగువారిని నమ్మవలదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. అట్లే కంపెనీ పేరును, 1818 సంవత్సరమును, దేవతల బొమ్మలును గల రాగిబిళ్లలు తిరునాళ్లలో కనబడును. కంపెనీ అట్టి నాణెములను ముద్రింపలేదు. భక్తితో పూజలో నుంచుకొనుడు, ధనాశతో కొనకుడు. పొలము దున్నునప్పుడు భూమిలో పదిరూపాయల విలువ మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. నూరేండ్లు నిండిన నాణెము 1972 చట్టము ప్రకారము పురావస్తువు. అనుమతి లేక దేశము దాటింపరాదు. వెండిబేడలన్నియు నేటికి నూరేండ్లు దాటినవే.

కాబట్టి పెద్దలకు నా మనవి. మీ యింట నొక బేడ యున్నచో తోమకుడు. మెత్తని కాగితములో చుట్టి, పైన సంవత్సరమును, అది ఎవరి చేతినుండి మీకు వచ్చినదో ఆ పేరును వ్రాసి యుంచుడు. కరవు వచ్చి అమ్మవలసినచో అమ్ముడు. అందు సిగ్గు లేదు, మన పెద్దలును అట్లే బ్రదికిరి. కాని కరగించుటకు ముందు తెలిసినవాని కొక్కమారు చూపుడు. మీ మనుమడు చింతపండు తెచ్చినచో, చేయి పట్టి ఆపి, పదునొకండవ బేడ కథ చెప్పుడు.