ఒక సాలెపురుగు పేరు: 259 ఏళ్ల ఫైలు



డి.ఎ. బకాయిల గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను సాలెపురుగు గురించి చెబుతాను. నవ్వకండి, ఇదీ రికార్డుల సంగతే.

దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే పెద్ద బొచ్చు సాలెపురుగులున్నాయి. టరాంటులాలంటారు. అందులో ఒక ప్రజాతి అవిక్యులేరియా. లాటిన్‌లో చిన్న పిట్ట అనే మాటలోంచి వచ్చిన పేరు. మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి 1699లో సూరినాం వెళ్లి, చూసిన పురుగుల బొమ్మలు వేసి 1705లో పుస్తకం తెచ్చింది. జామచెట్టు మీద సాలెపురుగు పిట్టను తింటున్న బొమ్మ అందులోదే. 1758లో లినేయస్ పిట్ట పేరే పెట్టాడు. నిజానికి వీటి తిండి ఎక్కువగా పురుగులే! 1818లో లామార్క్ దీన్ని ప్రజాతిగా వేరు చేశాడు.

ఆపైన చెట్టెక్కే బొచ్చు సాలెపురుగు ఏది దొరికినా చాలావరకు ఈ ఫైలులోనే కుట్టేశారు. వీటిలో పిల్లకొక రంగు, పెద్దదానికొక రంగు. రంగు చూసి పేరు రాస్తే ఏమవుతుంది? పేర్లు యాభైకి దగ్గరపడ్డాయి.

నా సర్వీసు రిజిస్టరులో ఒక ఇంటిపేరు, పెన్షన్ ఆర్డరులో ఇంకొకటి పడి ఎనిమిది నెలలు తిరిగాను. ఆఫీసు పేరెందుకు లెండి. మనిషిని నేనే అయినా కాగితం ఒప్పుకోలేదు.

బ్రెజిల్‌లో కరోలిన్ ఫుకుషిమా, రొజేరియో బెర్తాని పాత నమూనాలు తెప్పించుకుని, రంగొక్కటే నమ్మక జననాంగాల నిర్మాణం కూడా పోల్చి, 2017లో లెక్క తేల్చారు. ఈ ప్రజాతి కింద ఖాయమైనవి 12 జాతులే. ఆధారం చాలనివి సందేహం కింద పక్కన పెట్టారు. నాకు నచ్చింది అదే. ఫైలు మూయడం కోసం ఏదో ఒకటి రాసేయలేదు. కొన్నింటికి మూడు కొత్త ప్రజాతులు తెరిచారు: ఇబిరాపోరా, కరిబెనా, ఆంటిలెనా. పెరూలో దొరికిన ఒక కొత్త జాతికి మేరియన్ పేరు పెట్టారు.

పేరుతో పనేమిటని మా మనవరాలు అడిగింది. కరిబెనాలో ఒకటి మార్టినిక్ దీవిలోనిది. పిల్లగా ఉన్నప్పుడు నీలంగా మెరుస్తుంది, అందుకే పెంచుకునేవాళ్లు కొంటారు. అడవిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలన్నా, పట్టడం ఆపాలన్నా, ముందు అది ఏదో రాతలో తేలాలి కదా.

టీ చల్లారుతోంది. సెలవు.