మగ్గం తుక్కు ఎక్కడికి పోవాలి?
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మేము చదివింది ఎనిమిదో తరగతి. రసాయన శాస్త్రం మా నోట సరిగా పలకదు. అయినా నూలు సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు గదా. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు చెప్తాము.

బట్ట తుక్కును ప్లాస్టిక్ కంపెనీలు తీసుకుంటాయంటనే, నిజమా అని మనవాళ్ళు అడుగుతున్నారు. నిజమే. కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలో 1870లో హయత్ అనే ఆయన పేటెంటు తీసుకున్న సెల్యులాయిడ్ పత్తి నుంచి వచ్చిందే. పత్తిని ఆసిడ్‌లో మార్చి, కర్పూరం కలిపి చేసినారు. పాత రోజుల దువ్వెనలు, సినిమా ఫిలిం దానితోనే చేసేవాళ్ళు. ఆ తర్వాత బేకలైట్ వచ్చె. పత్తిబట్టను ఆ జిగురులో తడిపి, పొర మీద పొర వేసి, వేడిమీద అదిమితే కొయ్యకన్నా గట్టి పలక అవుతుంది. హైలం షీటు అంటే మిల్లులో పనిచేసిన పెద్దవాళ్ళకు తెలుస్తుంది, హైదరాబాదు సరుకు. ఆ రకం పలకతో కోసిన పళ్ళచక్రం ఇనుప చక్రం మాదిరి గోల చేయదు.

ఇంకా వింత ఏమంటే, తూర్పు జర్మనీలో ట్రబాంట్ అని కారు ఉండేది. 1957 నుంచి 1991 దాకా సుమారు 30 లక్షల కార్లు చేసినారు. ఉక్కు రేకు కరువై, దాని పైతొడుగును రష్యా నుంచి వచ్చిన పత్తి తుక్కు, ఆ జిగురు కలిపి చేసినారు. తుప్పు పట్టదు. కానీ ఒక ఇబ్బంది. ఆ జిగురు ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. కారు పాతబడితే ఆ తొడుగును ఏం చేయాలో తెలియక తల పట్టుకున్నారు. ఇది మనం గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు చేసేది వేరు. తుక్కును సన్నగా తరిగి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో కలుపుతారు. మన గోతాలు, బకెట్లు చేసేది ఆ జాతి ప్లాస్టికే. అది 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పత్తి 200 దాటితే మాడడం మొదలుపెడుతుంది. ఆ సందులోనే పని జరగాలి. పాలిస్టర్ కరగాలంటే 260 డిగ్రీలు కావాలి, అందులో పత్తి కలిస్తే బొగ్గే. కాబట్టి పాలిస్టర్ తుక్కు విడిగా కరిగి గుళికలుగా పోవాలి, పత్తి తుక్కు విడిగా పోవాలి. రెండూ ఒకే నూలులో పెనవేసుకున్న టెర్రీకాటన్‌ను విడదీయడం మహా కష్టం. హాంకాంగ్‌లో ఒక పరిశోధన సంస్థ వేడినీళ్ళు, కొంచెం మందు పెట్టి విడదీసే యంత్రం చేసింది. పాలిస్టర్ పోగుగా నిలుస్తుంది, పత్తి పొడి అయి రాలుతుంది. మన ఊరికి అది వచ్చేదాకా కలవకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న యంత్రం.

ఇక్కడే మన బలం ఉంది. ఊరూరా పోగేసిన పాతబట్టలో ఏ నూలుందో ఎవరికీ తెలియదు. మన ఇంట్లో పడుగు ఏమిటి, పేక ఏమిటి, రంగు ఏమిటి అన్నీ తెలుసు. అనుమానం వస్తే అగ్గిపుల్ల ఉంది, అగ్గిపెట్టెల ఊరివాళ్ళమే గదా! పత్తి పోగు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది. ఈ తెలివికి ధర ఉంది. కానీ గోతంలో అన్నీ కుక్కి తూకానికి ఇస్తున్నాము. కొనేవాడు తన షెడ్డులో ఏరించి, మూడు రకాలుగా, మూడు ధరలకు అమ్ముకుంటున్నాడు. అతన్ని అనడం దేనికి, ఏరే పని మనం చేయలేదు, అతను చేసినాడు.

అయితే ఆశ పెట్టి మోసం చేయము. చేమగ్గం మీద తుక్కు తక్కువ. పాత పడుగు కొసకు కొత్త పడుగు అతికే మనకు మిగిలేది కండెల అడుగు నూలు, తెగిన పోగులు, అంతే. ఒక ఇంట్లో నెలకు చిన్న సంచీ నిండడమే కష్టం. కంపెనీ లారీ లెక్కన అడుగుతుంది. అందుకని మరమగ్గాల వాళ్ళతో కలవక తప్పదు. వాళ్ళు మన పొట్ట కొట్టినారని కోపం ఉంటుంది, మాకూ ఉంది. కానీ తుక్కు దగ్గర పోటీ లేదు. సత్రపట్టి బ్యాండేజి బట్ట తుక్కు చూడండి, పత్తి, తెల్లది, శుభ్రమైనది. అది తోడయితే మన గోతానికి బరువు వస్తుంది. విరుదునగర్ జిల్లా ఇ.కుమారలింగాపురంలో 1,052 ఎకరాల్లో పీఎం మిత్ర జౌళి పార్కు అని 2023 మార్చిలో ప్రకటించినారు. అక్కడికి తుక్కు మార్చే కార్ఖానా ఒకటి రావాలని సమాఖ్య తరఫున అర్జీ పెట్టాలని విన్నవించుకుంటున్నాము. కార్ఖానా వచ్చినాక పరుగెత్తితే మనకు దక్కేది కూలే.

ఇంకొకటి. పనికొచ్చే తుక్కును ప్లాస్టిక్‌కు ఇవ్వొద్దు. పొడుగు పోగులు వత్తులకు, నేల తుడిచే కుచ్చులకు పోవాలి. బట్టముక్కలు శివకాశి ప్రెస్సుల్లో సిరా తుడవడానికి అడుగుతారు. దూది పరుపులకు పోతుంది. దేనికీ రానిదే ప్లాస్టిక్ దారి పట్టాలి. ప్లాస్టిక్‌లో కలిసిన పత్తి మళ్ళీ మట్టిలో కలవదు.

ఏరే పని ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతుంది, అందుకే వాళ్ళకు ఒక మాట. పత్తి దుమ్ము ఊపిరితిత్తులు పాడుచేస్తుంది. మిల్లులో సెలవు తర్వాత సోమవారం పనికి పోతే గుండె బిగపట్టేదని మన పెద్దలు చెప్పేవాళ్ళు, అది ఈ దుమ్ము జబ్బే. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, వాకిట్లో గాలికి కూర్చొని ఏరండి, పొడి చీపురుతో ఊడ్చకుండా నీళ్ళు చల్లి ఊడ్వండి. పసిపిల్లల్ని దగ్గర పెట్టుకోవద్దు. ఏరిన దానికి కూలి లెక్క సంఘం వేరే రాయాలి, ఇంటిపని కింద జమ వేయకూడదు.

మా సంఘంలో వచ్చే నెల నుంచి మూడు గోతాలు పెడతాము: తెల్ల పత్తి, రంగు పత్తి, పాలిస్టర్ కలిసినది. ఏ ఇంటి తుక్కు ఎంతో నోటుబుక్కులో రాస్తాము. గంజి పట్టిన పోగులు ఉతికి, బాగా ఎండబెట్టి తేవాలి, తడి ఉంటే యంత్రంలో బుడగలు లేస్తాయి. జరీ పోగు మాత్రం గోతంలో వేయకండి, విడిగా పొట్లం కట్టి పేరు రాసి ఇవ్వండి.