వ్యాధి వదలిన పిదప



క్యాన్సరును గూర్చి మాటలాడుటకు వైద్యుని గాక న్యాయవాదిని పిలుచుట వింతగా తోచవచ్చును. రోగము నయమగువరకు నది వైద్యుల విషయమే. నయమైన పిదప మావంటివారి పని యారంభమగుచున్నది.

రక్తపు క్యాన్సరుతో నున్న శిశువులకు అమినోప్టెరిన్ అను మందిచ్చి, కొందరియందు వ్యాధిని కొంతకాల మణచగలిగితినని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. నాడదియే గొప్ప. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన బాలబాలికలలో 100కి 80 మందికి పైగా బ్రతికి బయటపడుచున్నారు. అట్లు బ్రతికిన బిడ్డకు ముందింకను 50, 60 యేండ్ల జీవితమున్నది. దానిని గూర్చి మనమేమి యోచించితిమి?

ప్రాణము నిలిపిన మందే దేహముపై గురుతు నుంచి పోవచ్చును. డాక్సోరూబిసిన్ గుండెను బలహీనపరచవచ్చును. ఆ దోషము 10, 15 యేండ్లకు గాని బయటపడకపోవచ్చును. సిస్ప్లాటిన్ వలన వినికిడి తగ్గవచ్చును. తలకు కిరణచికిత్స జరిగిన పసివారిలో కొందరికి చదువు మందగించుట, ఎదుగుదల కుంటుపడుట కలదు. అందరికిని ఇవి కలుగునని కాదు. ఎవరికే మందెంత యిచ్చిరో తెలిసియున్నచో ముందుగనే కనిపెట్టవచ్చును. ముంబయి టాటా స్మారక వైద్యశాలలో చికిత్స ముగించిన పిల్లలకై 1991 నుండి ప్రత్యేక విభాగము నడచుచున్నది. ఇట్టివి జిల్లాకొకటి యుండవలదా?

ఇంక లోకము చేయు గాయము. నాయొద్దకు సలహాకై వచ్చిన యొక యువకునికి 11వ యేట వ్యాధి వచ్చి 14వ యేట నయమైనది. 26వ యేట ఉద్యోగపు వైద్యపరీక్షలో ఆ సంగతి చెప్పినందున పని చేజారినది. చెప్పకున్న దాచెనన్న నింద! ఆడపిల్లల విషయమున చెప్పనేల? సంబంధము చెడునను భయమున చికిత్స కాగితములన్నియు కాల్చివేసిన తల్లిని నేనెరుగుదును. ఆమెను తప్పుపట్టలేను, కాని బిడ్డ గుండెకు ఆ కాగితములే కావలి.

చట్టమేమనుచున్నది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది. తలసీమియా, హీమోఫీలియా అందున్నవి. కుష్ఠు నయమైనవారికిని చోటున్నది. క్యాన్సరు నయమైనవారి పేరు లేదు. కాలు పోయినవాడు, చెవి పోయినవాడు ఆ లెక్కలో చేరవచ్చును. గుండె నీరసించినవాడు చేరలేడు. (కుష్ఠును విడాకులకు కారణముగా నుంచిన 1955 నాటి నిబంధనను తొలగించుటకు 2019 దాక పట్టినది. మన శాసనకర్తల వేగమట్టిది.)

ఫ్రాన్సులో 2022 శాసనము ప్రకారము, చికిత్స ముగిసి వ్యాధి తిరుగబెట్టక 5 యేండ్లు గడచినచో ఇంటియప్పు భీమాకై ఆ సంగతి చెప్పనక్కరలేదు. ఇటలీ 2023లో 10 యేండ్లు గడువు పెట్టి, 21 యేండ్లలోపు వ్యాధి వచ్చినవారికి దానిని 5కు తగ్గించినది. దత్తత విషయమునను వర్తింపజేసినది. మరవబడు హక్కని దీనికి పేరు. మనమును దీనిని గట్టిగా అడుగవలయును.

అంతవరకు మీరు చేయదగిన పని యొకటి. ఈ పట్టణమున చికిత్స ముగించిన ప్రతి బిడ్డకును, ఇచ్చిన మందులు, మోతాదులు, కిరణములు సోకిన భాగములు వ్రాసిన పత్రమును వైద్యశాలనుండి తెప్పింపుడు. రెండు ప్రతులు తీయించి తలిదండ్రులకే యిండు, ఇతరుల కండ్లబడనీయకుడు. అర్జీలు వ్రాయించుకొనవలసినవారు ఆదివారము ఉదయమున మా యింటికి రావచ్చును. రుసుము లేదు.