ఏడ్చే హక్కు ఎవరిది?



బిడ్డ చనిపోతే కుటుంబం ఏమవుతుందని అడిగితే మనకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. దుఃఖం అందర్నీ దగ్గర చేస్తుందని కొందరంటారు. ఇల్లు చెల్లాచెదురైపోతుందని మరికొందరంటారు. మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన 'హజార్ చురాశిర్ మా' (1974) ఇంకో సంగతి చెబుతుంది. ఆ ఇల్లు ముందునుంచీ ఎలాంటిదో కొడుకు చావు బయటపెడుతుంది. ఆ ఇంట్లో మారేది తల్లి ఒక్కతే.

కథ నక్సలైట్ ఉద్యమకాలపు కలకత్తాలో జరుగుతుంది. సుజాత బ్యాంకు ఉద్యోగి, నలుగురు పిల్లల తల్లి. చిన్నకొడుకు వ్రతి ఉద్యమంలోకి వెళ్ళి హత్యకు గురవుతాడు. శవాన్ని గుర్తుపట్టడానికి రమ్మని ఇంటికి ఫోను వస్తుంది. శవాగారంలో వ్రతి పేరు పోయి 1084 అనే నంబరు మిగులుతుంది. నవల పేరులో తల్లికి కూడా ఆ నంబరే మిగిలింది.

ఫోను రాగానే తండ్రి దివ్యనాథ్‌కు పరువు గుర్తొస్తుంది. శవాగారం ముందు తన కారు ఎవరి కంటైనా పడుతుందేమోనని భయపడతాడు. పలుకుబడి ఉపయోగించి కొడుకు పేరు పత్రికల్లో రాకుండా చూసుకుంటాడు. ఆయనకు బయట సంబంధాలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. దానివల్ల పరువు పోలేదు, కొడుకు శవం వల్ల పోతుందనుకున్నారు! రెండేళ్ళకు, వ్రతి పుట్టినరోజూ చనిపోయిన రోజూ అయిన తేదీనే కూతురు తులి నిశ్చితార్థం పెట్టుకుంటారు. నవల అంతా ఆ ఒక్కరోజే నడుస్తుంది.

దీన్ని తల్లిప్రేమ గొప్పతనం చెప్పే నవలగా చదివితే మనం నష్టపోతాం. మిగతా ముగ్గురూ సుజాత కన్నబిడ్డలే, అయినా వాళ్ళకూ ఆమెకూ మధ్య దూరం ఉంది. వ్రతి పుట్టిన తర్వాత ఆమె మళ్ళీ గర్భం ధరించనని భర్తకు చెప్పేసింది. ఉద్యోగం మానమంటే మానలేదు. ఆ రెండు నిరాకరణలూ కొడుకు చావుకు ముందటివే. ఆ చావు తర్వాత ఆమె ప్రశ్నలు తన శరీరం, తన జీతం దాటి ఇంటి గడప బయటకు వెళ్ళాయి.

వ్రతితో పాటు చనిపోయిన సోము తల్లి దగ్గరకు సుజాత వెళుతుంది. ఆ ఇల్లు పేదది. అక్కడ తల్లి గొంతెత్తి ఏడవగలదు. కానీ కొడుకు పోయాక భర్తా పోయాడు, కుటుంబభారం కూతురి మీద పడింది. సుజాతకు తిండికి లోటు లేదు, ఏడవడానికి మాత్రం చోటు లేదు. దుఃఖానికి కూడా వర్గం ఉందని ఇక్కడ తెలుస్తుంది. ఒకే రాత్రి బిడ్డల్ని పోగొట్టుకున్నంత మాత్రాన ఇద్దరు తల్లులూ ఒకటైపోరు.

నందిని పరిస్థితి వేరు. ఆమె వ్రతి ప్రేమించిన అమ్మాయి, ఉద్యమ సహచరి. నిర్బంధంలో చిత్రహింసలు అనుభవించి బయటికొచ్చింది. భార్య కాదు కాబట్టి ఆమె దుఃఖానికి బంధుత్వం పేరు లేదు. పరామర్శకు ఆమె ఇంటికి ఎవరు వెళతారు?

ఈ ప్రశ్న మన పనికి సంబంధించింది. ఎన్‌కౌంటర్ జరిగిన చోటికో, ఆత్మహత్య జరిగిన ఇంటికో వెళ్ళినప్పుడు వయసు, తేదీ, కారణం, నష్టపరిహారం రాసుకుంటాం. అవి అవసరమే. వాటితో పాటు ఇంకొన్ని అడగాలి. శవాన్ని చూడటానికి ఎవర్ని వెళ్ళనిచ్చారు? అంత్యక్రియల విషయం ఎవరు నిర్ణయించారు? పరిహారం ఎవరి చేతికి వచ్చింది? చనిపోయినవాళ్ళ పేరు ఆ ఇంట్లో ఇప్పటికీ పలుకుతున్నారా? ఏ జాబితాలోనూ లేని నందిని ఎక్కడుంది? 'కుటుంబం ఇలా చెప్పింది' అని రాసేముందు, కుటుంబం తరఫున మాట్లాడింది ఎవరో చూడాలి.

చివర్లో, నిశ్చితార్థానికి వచ్చిన అతిథుల మధ్య సుజాత కేక పెట్టి పడిపోతుంది. అపెండిక్స్ పగిలిందంటాడు భర్త. రోజంతా ఆమెకు ఆ నొప్పి ఉన్నమాట నిజమే. కానీ రెండేళ్ళు నోరు నొక్కుకున్న మనిషి కేకకు ఆ ఇంట్లో దొరికిన పేరు జబ్బు ఒక్కటే. మనం రాసే నివేదికల్లోనైనా దానికి సరైన పేరు పెడదాం.