పది రోజుల మిషనూ, ఉండిపోయే మనమూ
(పల్లె యువజన సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



అమెరికా, కొరియా, ఆస్ట్రేలియా చర్చిల నుంచి యువకులు వారానికో పది రోజులకో పరాయి దేశాలకు సేవకని వెళ్తుంటారు. షార్ట్ టర్మ్ మిషన్ అంటారు దాన్ని. మన పల్లెలకూ వస్తారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళ పిల్లలూ ఆ జట్లలో ఉంటారు. గోడలకు రంగులేస్తారు, పిల్లల చేత పాటలు పాడిస్తారు, బట్టలు పంచుతారు, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. వాళ్ళ మనసు చెడ్డదని నేననను. మన వాడకొచ్చి, మన గ్లాసుతో నీళ్ళు తాగి, మన బిడ్డను ఎత్తుకున్నారు. ఊరి పెద్దమనుషులు ఇన్నేళ్ళలో చెయ్యని పని అది. కానీ మనసు మంచిదైతే చాలునా?

2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చింది. ఆ నెలాఖరునే అమెరికా బాప్టిస్టులు పదిమంది అక్కడికెళ్ళి, 33 మంది పిల్లల్ని బస్సెక్కించి సరిహద్దు దాటించబోయారు. సరైన కాగితాల్లేవు. పోలీసులు పట్టుకున్నారు. అనాథలన్నారు గానీ, తీరా చూస్తే ఆ పిల్లల తల్లులో తండ్రులో బతికే ఉన్నారు. చదువొస్తుందన్న ఆశతో అప్పగించారు. పేదవాడి బిడ్డ అనాథ కాదు. ఈ సంగతి తెలియాలంటే ఆ వాడలో కూర్చుని అడగాలి. పది రోజుల్లో ఎవరడుగుతారు?

మన చరిత్రే చూడండి. ఒంగోలు మిషన్ అనగానే క్లౌ దొర పేరు చెప్తాం. ఆయన 1866లో ఒంగోలు చేరాడు, తెలుగు నేర్చాడు, ఏళ్ళ తరబడి ఉన్నాడు. కానీ ఊరూరా తిరిగి మనవాళ్ళను కదిలించింది తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ యర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరువులో దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు మన బోధకులు. దొరను పొగడ్డానికి చెప్పట్లేదు. ఉండిపోవడం వేరు, వచ్చిపోవడం వేరు అని చెప్తున్నా.

వచ్చిపోయేవాడికి లేని నష్టం మనకుంది. టూరిస్టు వీసా మీద మతప్రచారం చేస్తూ దొరికితే అతన్ని తన దేశానికి పంపేస్తారు. మనం ఎక్కడికి పోతాం? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుడు మాత్రం బీసీ-సి, ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరైన ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. కులం పేరుతో తిట్టేవాడు మన చేతిలో బైబిల్ చూసి ఆగుతాడా? బాప్తిస్మం ఫోటో వాళ్ళకు జ్ఞాపకం. మనకది రేపు ఎవడో కోర్టులో చూపించే సాక్ష్యం. నమ్మకాన్ని దాచుకోమనట్లేదు. ఆ ఉత్తర్వు మారేదాకా కొట్లాడదాం. కానీ ఆ బరువు మొయ్యాలో వద్దో తేల్చుకోవాల్సింది మనమే, కెమెరా పట్టుకున్నవాడు కాదు.

కాబట్టి వచ్చేవాళ్ళకు సంఘం ముందే చెప్పాలి. ఏ పని కావాలో మేం చెప్తాం. గోడ కట్టేది మా మేస్త్రి. మీలో ఒకరి విమానం ఖర్చుతో ఆయనకు నెలల తరబడి కూలి వస్తుంది. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల ఫోటో తియ్యొద్దు. పంచేదానికీ ప్రార్థనకూ ముడిపెట్టొద్దు.

ఇంకొకటి. వాళ్ళు మన పేదరికం చూస్తారు, కులాన్ని చూడరు. మనమే చూపించాలి. మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మనకోసం పని చెయ్యాలనుంటే చేయాల్సిన చోటు వాళ్ళ ఊళ్ళోనే ఉంది. సియాటెల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఒప్పుకున్న బిల్లును అక్కడి గవర్నరు తిప్పికొట్టాడు. మన కులం మనవాళ్ళతోపాటే విమానమెక్కి అక్కడికీ చేరింది. ఇక్కడ రంగులేసి వెళ్ళిన పిల్లలు అక్కడ తమ చర్చిలో లేచి ఆ మాట అడగాలి. దానికి వీసా అక్కర్లేదు, పది రోజుల గడువూ లేదు.

జై భీమ్!