బొమ్మబండిలో పెరంబూరు పెట్టె



మన పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారము 1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూగారి చేతులమీదుగా ప్రారంభమైనది. స్విస్ నమూనా ననుసరించి అచ్చట తయారైన పెట్టెలలోనే మనవారు బెజవాడకును, రాజమహేంద్రవరమునకును దశాబ్దములుగా రాకపోకలు సాగించిరి. 2018 జనవరిలో ఆ రకపు నిర్మాణము ముగిసినది. పాతవాటిలో కొన్నింటికి ఆసనములు తొలగించి, కిటికీలు మూసి, మోటారుకార్లు మోయు బండ్లుగా మార్చిరి. ఆ రూపము మన పిల్లలకు బొమ్మగానైనను మిగులవలెనని మా కోరిక.

విదేశపు బొమ్మపెట్టెలు పెక్కు అసలుకు 87వ వంతున చేయబడును. ఐరోపా పెట్టె నిడివి 26.4 మీటర్లు, దాని బొమ్మ 303 మిల్లీమీటర్లు. మనది బఫర్లతో సుమారు 22.3 మీటర్లు, బొమ్మ 256 మిల్లీమీటర్లే కావలెను.

ముందుగా బోగీలను, పిదప పైకప్పును, అద్దములను, ఆసనములను విప్పి, మరలను వేరుగా దాచవలెను. ప్లాస్టిక్ కొక్కెములను గోటితో మెల్లగా వదలింపవలెను. బలము చూపినచో విరుగును. గోడలను, అడుగుపలకను నడుమనే కోసి 47 మిల్లీమీటర్లు తీయవలెను. కొనలు కోసినచో బోగీలు తిరుగు చీలలకు చోటుండదు. రెండవ తరగతి పెట్టెయైనచో కిటికీలకు సన్నని తీగతో అడ్డుకమ్ములు అతికింపవలెను.

చక్రముల ఎడమును మాత్రము ముట్టరాదు. మన బ్రాడ్‌గేజి లెక్కకు 19.3 మిల్లీమీటర్లు కావలసియున్నను, ఈ కొలత బొమ్మలకు అంగడిలో దొరకు పట్టాల ఎడము 16.5 మాత్రమే. ఎడము మార్చినచో పెట్టె చూచుటకే గాని నడచుటకు పనికిరాదు.

తుదకు ప్రక్కన ఊరిపేరు పలక తగిలించునపుడు తెలుగు పంక్తిని మరువవలదని మనవి చేయుచున్నాము.